మొగులైంది

మక్తల్ బస్టాండు ఎనక మడిగెల
పగలు ఒక మిషన్ తొక్కుత.
రాత్రి ఇంకో మిషన్‌కు తెలుగు నేర్పుత.

పక్క మడిగె సవారమ్మ నవ్వుతది:
"పగటిదానికన్న నూనె పోస్తవు,
దానికేం పోస్తవే?"
చెవులు పోస్త, అన్న.

పని గింతే.
ఫోన్ల ఒక గొంతొస్తది,
దాని కింద మిషన్ రాసిన రాతొస్తది.
రెండు కలిస్తె ఒప్పు నొక్కాలె, కలవకపోతే దిద్దాలె.
ఒక్కోదానికి అరవై పైసలు.
గుండీ కుట్టినా ఎక్కువే ఒస్తది గని
రాత్రి పదింటికి గుండీలెవరు తెస్తరు?

గొంతులకు పేర్లుండయి, నంబర్లుంటయి.
ఐనా పసిగడత.
గీమె ఊట్కూరు దిక్కుది,
మాట కొసకు కన్నడం అంటుకోని ఉంటది.
గీయన కొల్లాపురం, ఏటి ఒడ్డు మనిషి,
అవతలి గట్టుకు ఇనిపించాలెనన్నట్టు మాట్లాడతడు.
గీ పోరడు పూనాల సెంట్రింగ్ పని మీదున్నడు.
ఎనక లిఫ్టు మోత, "జల్దీ జల్దీ" అని ఎవనిదో కేక,
నడుమ వీడు పైకి చదువుతున్నడు:
"నేడు వాతావరణం మిక్కిలి ఆహ్లాదకరముగా నున్నది."

ఎవడు రాసిండో గీ వాక్యం.
పాలమూరు మే నెల వాని నెత్తిన పడలే.

పోయిన నెల చదువుడు బందైంది.
ఇగ మనసుల మాట మాట్లాడాలెనంట.
అంశం: వాన.
ఒక ముసలవ్వ గొంతు:
"మొగులైంది బిడ్డా, బట్టలు తీయి."
మిషన్ రాసింది:
"మొగుడైంది బిడ్డా, బట్టలు తీయి."

సగం షట్టరు దించిన మడిగెల
నోటికి కొంగు అడ్డం పెట్టుకోని
ఒక్కదాన్నే మస్తు నవ్విన.
నవ్వి నవ్వి దిద్దిన.
ఎక్కడనో, నేను సూడని సల్లటి గదుల్ల
లైట్లు మిణుకుమనే పెట్టెలల్ల
ఒక మొగుడు పోయి
మొగులు కమ్మింది.

చాయ్ బండి కాడ కుర్మన్న పేపరు చదివిండు:
మిషన్‌కు మన భాష ఒచ్చేసిందంట,
మనిషి లెక్కనే మాట్లాడతదంట.
"యాడి మనిషి లెక్క?" అని అడిగిన.
పేజీ తిప్పిండు. గది రాయలే, అన్నడు.

మొన్న ఒచ్చింది,
నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు.
అంశం: మీ ఇల్లు.
ముందుగాల మేక అరిసింది.
"చెప్పవ్వా, పైసలిస్తరు" అని ఎవరో ఎగదోసిండ్రు.
ఒక ఊపిరి.
దూరంగ పంపుసెట్టు.
ఇంకో ఊపిరి.
పదకొండు సెకన్లు.
అప్పుడన్నది:
"ఏం జెప్పాలె. నీళ్లల్ల ఉన్నది."

గీసారి మిషన్ తప్పు చేయలే.
అచ్చరం అచ్చరం సక్కగ రాసింది:
ఏం జెప్పాలె. నీళ్లల్ల ఉన్నది.
పదకొండు సెకన్ల కాడ మాత్రం
తెల్లగ ఇడిసిపెట్టింది.

రూలు ఐదు: మూడు సెకన్లు దాటిన మౌనం పనికిరాదు.
ఎర్ర బటన్ మీద నా బొటనేలు.
ఆ ఎండల్ల, ఆ పంపుసెట్టు మోతల
ఆమె యాడిదాంక పోయొచ్చిందో.
గడప దాటిందో, పొయ్యి కాడ కూసున్నదో,
ఈత రానోళ్లు నీళ్లల్లకు ఎట్ల దిగుతరో
రూల్ల లేదు.

పచ్చది నొక్కిన.

తెల్లారి మెసేజు: నా మార్కులు
తొంభై ఎనిమిది నుంచి తొంభై ఆరుకు పడ్డయి.
నాణ్యత మీద శ్రద్ధ పెట్టాలెనంట.

మంచిదన్న.
ఎవరి జాకెట్టు కుట్టినా
కుట్టు లోపట రెండేళ్ల బట్ట ఇడుస్త.
పైకి కానరాదు.
ఒళ్లొచ్చిన్నాడు ఇప్పుకుంటరు.

కరెంటు పోయి ఒచ్చింది.
కొత్త నంబరు. అంశం: వాన.
ఒక పిలగాడు. ఇంకా మొదలువెట్టలే,
గొంతు సవరించుకుంటున్నడు.